ఖడ్గమును, కలమును చేపట్టిన చర్కసీ: మహమూద్ సామీ అల్ బారూదీ

కాకసస్ పర్వతములకు వాయవ్యమున, నల్లసముద్రపు ఒడ్డున నివసించిన సర్కాషియను జాతి ఉర్దూ చదువరులకు చర్కస్ అనే పేరుతో సుపరిచితమే. ఈ జాతి బాలురను బానిసలుగా కొని తెచ్చి, అశ్వవిద్యలోను శస్త్రవిద్యలోను ఆరితేర్చి సైన్యంలో చేర్చుకొనుట ఈజిప్టు పాలకుల ఆచారం. ఆ బానిసలే క్రమంగా ప్రభువులైనారు. 1382లో బర్కూక్ సింహాసనమెక్కినది మొదలు 1517లో ఉస్మానియా తురుష్కులు కైరోను జయించే వరకు ఈజిప్టు నేలినవారు చర్కసీ మమ్లూకులే. మన ఢిల్లీలో ఐబక్, ఇల్తుత్‌మిష్‌ల చరిత్ర తెలిసిన విద్యార్థులకు ఇది వింతగా తోచదు. సుల్తానులు పోయిన తరువాత కూడ ఆ వంశాలు ఈజిప్టులో పెద్ద కుటుంబాలుగా, సేనానులుగా నిలిచి ఉన్నవి. అట్టి ఒక వంశంలో పుట్టి, తన వర్గం పక్షాన గాక తాను పుట్టిన నేల పక్షాన నిలిచిన ఒక కవిని గురించి మేము ఇక్కడ ముచ్చటింపదలచినాము.

మహమూద్ సామీ 1839లో కైరోలో జన్మించినాడు. బారూదు అనగానే మనకు తుపాకిమందు స్ఫురించును; తండ్రి హసన్ హుస్నీ ఫిరంగిదళాధికారి కూడాను. అయినను ఇంటిపేరు అందువల్ల వచ్చినది కాదు. పూర్వీకుడొకడు ఈతాయ్ అల్ బారూద్ అనే ఊరి శిస్తు వసూలు హక్కు పొందియుండుట చేత ఆ పేరు వచ్చినది. బాలునికి ఏడవయేటనే పితృవియోగం కలిగినది. పన్నెండవయేట సైనిక పాఠశాలలో చేరి, 1855లో బయటికి వచ్చేనాటికి దేశంలో సైన్యపు ప్రాభవం సన్నగిల్లి, యువసైనికునికి చేయవలసిన పని లేకపోయినది. ఆ తీరికయే అరబ్బీ సాహిత్యానికి మేలు చేసినది. ఆయన వ్యాకరణమును గాని ఛందస్సును గాని గురువు వద్ద క్రమంగా అభ్యసింపలేదు. ప్రాచీన కవుల దీవానులను చదివి, చదివించుకొని, వారి నడకను చెవితోనే పట్టుకొన్నాడు. అప్పటికి అరబ్బీ కవిత్వం శ్లేషలతోను, చమత్కారపు లెక్కలతోను నిండి ప్రాణం కోల్పోయియుండెను. అబ్బాసీయుల నాటి నిండుదనాన్ని దానికి తిరిగి తెచ్చినవాడు పండితుడు గాక సైనికుడు కావడం మాకు మిక్కిలి ఆసక్తికరంగా తోచును.

తరువాత ఇస్తాంబూలులో కొలువు చేసి తుర్కీ, పారసీక భాషలు నేర్చినాడు. 1863లో స్వదేశం చేరినాడు. 1866లో క్రీట్ దీవి తిరుగుబాటు నణచుటకు వెళ్లిన దళంతోను, 1877లో రష్యాపై యుద్ధమునకు వెళ్లిన ఈజిప్టు సేనతోను నడచినాడు. 1864లో రష్యా చర్కసీలను లక్షలాదిగా వారి మాతృభూమి నుండి వెడలగొట్టిన సంగతి ఇచట స్మరింపదగినది. అటుపై వక్ఫుల మంత్రి, పిదప యుద్ధమంత్రి అయినాడు.

ఇక అసలు పరీక్ష. ఈజిప్టు సైన్యంలో పెద్ద పదవులన్నీ తురుష్క, చర్కసీ అధికారులవే. రైతు బిడ్డలైన దేశీయ అధికారులు ఎంత సమర్థులైనను పైకి రాలేకపోయిరి. వారి నాయకుడు అహ్మద్ ఉరాబీ. 1881లో వారు తిరుగబడినప్పుడు తొలగింపబడిన యుద్ధమంత్రి ఉస్మాన్ రిఫ్కీ చర్కసీ; ఆయన స్థానంలో వచ్చిన బారూదీయు చర్కసీయే. కాని ఈయన రైతుబిడ్డల వైపు నిలిచినాడు. 1882 ఫిబ్రవరిలో ప్రధానమంత్రియై ఉరాబీని యుద్ధమంత్రిగా చేసికొన్నాడు. ఏప్రిల్‌లో ఉరాబీపై కుట్ర బయటపడినది. పట్టుబడిన అధికారులలో అత్యధికులు చర్కసీలే; వారిలో రిఫ్కీ కూడ ఉన్నాడు. తన వారికి శిక్ష విధింపజేయవలసిన స్థితి ఆ ప్రధానికి కలిగినది. ఖెదీవ్ తౌఫీక్ శిక్షను తగ్గించినాడు. మంత్రివర్గానికి, ఖెదీవుకు పొసగలేదు. మే నెలాఖరులో బారూదీ రాజీనామా చేసినాడు. నాలుగు నెలలైనను నిండలేదు.

జూలై 11న బ్రిటిషు నౌకలు అలెగ్జాండ్రియాపై గుండ్లు కురిపించినవి. సెప్టెంబరు 13 వేకువన తెల్ అల్ కబీర్ వద్ద ఉరాబీ సేన చెదరిపోయినది. ఆ యుద్ధంలో బ్రిటిషు పక్షాన మన దేశపు సైనికులు కూడ ఉన్నారు. మద్రాసు సాపర్ల దళం వారిలో ఒకటి. పరాధీనులను పరాధీనులపై ప్రయోగించుట సామ్రాజ్యములకు పాత అలవాటే.

మరణశిక్ష ద్వీపాంతరవాసంగా మారినది. ఉరాబీ, బారూదీ మొదలైన ఏడుగురు నాయకులు 1883 జనవరిలో కొలంబో చేరినారు. అచట సుమారు ఏడేండ్లు, కాండీలో మరి పదేండ్లు. ఈ పదునేడు సంవత్సరాలే ఆయన కవిత్వానికి పండిన కాలం. సింహళానికి చేరిన కొద్దికాలానికే కైరోలో భార్య అదీలా మరణించినదన్న వార్త వచ్చినది. ఆమె కొరకు రచించిన మర్సియా అరబ్బీ సాహిత్యంలో భార్యను గూర్చిన స్మృతికావ్యములలో అగ్రగణ్యమని చెప్పుదురు. తరువాత కుమార్తె, మిత్రులు ఒక్కొక్కరే రాలిపోగా, ఆ వార్తలన్నీ సముద్రం దాటి ఆలస్యంగా వచ్చేవి. ఇన్ని దుఃఖాలలోను ఇంగ్లీషు నేర్చినాడు. ద్వీపంలోని ముస్లింలకు అరబ్బీ బోధించినాడు. ఈ ప్రవాసుల రాక అచటి ముస్లింలలో విద్యాసక్తిని కలిగించినది. 1892లో కొలంబోలో వెలసిన జాహిరా విద్యాలయ స్థాపనకు ఉరాబీ ప్రోత్సాహం తోడ్పడినది. మన వంటి కళాశాలల వారు ఈ విషయమును గమనింతురు గాక.

చూపు మందగించి, ఆరోగ్యం చెడగా, 1899లో ఖెదీవ్ అబ్బాస్ హిల్మీ అనుమతితో కైరో చేరినాడు. రాజకీయాల జోలికి మరి పోలేదు. అంధుడైన ఆ వృద్ధుని ఇంటికి అహ్మద్ షౌకీ, హాఫిజ్ ఇబ్రాహీం, ఖలీల్ ముత్రాన్ వంటి యువకవులు వచ్చి కూర్చుండెడివారు. షౌకీ రక్తంలోను చర్కసీ పాలు కలదు. 1904 డిసెంబరులో బారూదీ కన్నుమూసినాడు. అబ్బాసీయ యుగపు ముప్పదిమంది కవుల నుండి ఆయన ఏర్చి కూర్చిన సంకలనం అప్పటికింకా అచ్చు కాలేదు. ఆయన పోయిన తరువాత అది నాలుగు సంపుటాలుగా వెలువడినది.