మంచుకొండల మీద తపాలా మోసిన స్నోషూ థామ్సన్

ఊరు విడిచి వచ్చినవారికి ఉత్తరం విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మన పెద్దలు షోలాపూరు మగ్గాలకూ, కోలారు బంగారు గనులకూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన రోజుల్లో సొంత ఊరితో ముడి తెగకుండా నిలిపింది ఆ కార్డుముక్కే. ఈ ఉగాది సంచికలో మేము పాఠకుల ముందుంచుతున్న జీవితం అటువంటి ఉత్తరాలను మంచుకొండల మీదుగా మోసినవానిది. ఆయన మన దేశంవాడు కాడు, మన భాషవాడు కాడు. అయినా పుట్టిన నేల వదలి వచ్చినవాడే కనుక ఆయన కథ మనకు పరాయిది కాదు.

1827 ఏప్రిల్ 30వ తేదీన నార్వే దేశంలో, టెలిమార్క్ మండలంలోని టిన్ అనే కొండసీమలో ఆయన పుట్టాడు. కన్నవారు పెట్టిన పేరు యోన్ టోర్‌స్టైన్‌సన్ రూయే. తండ్రి చిన్ననాడే గతించాడు. ఆ సీమలో చలికాలమంతా నేల మంచు కిందనే ఉంటుంది. కాళ్ళకు పొడవైన చెక్కబద్దలు కట్టుకొని మంచుమీద జారుతూ పోవడం అక్కడివారికి ఆట కాదు, నడక. ఆ బద్దలనే స్కీలు అంటారు. చీల్చిన కట్టె అని ఆ మాటకు మూలార్థం. మన పల్లెల్లో పిల్లలు చెరువులో ఈత నేర్చుకున్నట్లు అక్కడి పిల్లలు ఈ విద్య నేర్చుకుంటారు. యోన్ కూడా అలాగే నేర్చుకున్నాడు.

1837లో, ఆయనకు పదేళ్ళ వయసున, ఆ కుటుంబం ఓడ ఎక్కి అమెరికా చేరింది. ఇలినాయ్, మిస్సోరి, అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాలలో ఒకచోట కాకపోతే మరొకచోట సేద్యం చేసుకుంటూ కాలం గడిపింది. క్రొత్త దేశంవారి నోటికి నార్వే పేరు పట్టలేదు. యోన్ కాస్తా జాన్ థామ్సన్ అయినాడు. 1851లో, బంగారం కోసం జనం ఎగబడుతున్న కాలంలో, ఆయన కూడా కాలిఫోర్నియా చేరి ప్లాసర్‌విల్ దగ్గర గనులలో పనిచేశాడు. అదృష్టం కలిసిరాలేదు. గనులు విడిచి శాక్రమెంటో ప్రాంతంలో కొద్దిపాటి భూమి కొని రైతుగా స్థిరపడ్డాడు. కథ అంతటితో ముగిసి ఉంటే ఆయన పేరు ఈనాడు ఎవరికీ తెలిసేది కాదు.

కాలిఫోర్నియాకు తూర్పున సియెర్రా నెవాడా పర్వతాలు కోటగోడ కట్టినట్లు నిలిచి ఉంటాయి. వాటిని దాటడానికి ఉన్న కనుమలలో చాలావాటి ఎత్తే 7,000 అడుగులకు మించినది. శీతకాలంలో అక్కడ మంచు నిలువెత్తులు దాటి పేరుకుంటుంది. 1846లో డానర్ అనువాని బృందం బండ్లతో వచ్చి ఆ మంచులో చిక్కుబడింది. 80 మందికి పైగా ఉన్న ఆ బృందంలో ఇంచుమించు సగం మంది ఆకలికీ చలికీ బలి అయినారు. ఆ భయం జనాన్ని చాలాకాలం వదలలేదు. కొండలకు ఆవలివైపున కార్సన్ లోయలో కొన్ని కుటుంబాలు కాపురముండేవి. మంచు పడితే వారికి కాలిఫోర్నియానుంచి తపాలా అందేది కాదు. నెలల తరబడి లోకంతో సంబంధమే ఉండేది కాదు.

ఈ తపాలా మోసేవారు కావాలని ఒక పత్రికలో వచ్చిన ప్రకటన థామ్సన్ కంటబడింది. పదేళ్ళప్పుడు వదలి వచ్చిన కొండలు ఆయనకు గుర్తుకు వచ్చాయి. ఓక్ చెట్టు కలపను చీల్చి, సుమారు పది అడుగుల పొడవున స్కీలు జత ఒకటి స్వయంగా చెక్కుకున్నాడు. వాటి బరువే 25 పౌనులు. 1856 జనవరిలో సంచి వీపున వేసుకొని ప్లాసర్‌విల్‌నుంచి బయలుదేరాడు. మళ్ళీ చూడబోమని అనుకున్నవారు కొందరున్నారు. కొన్నాళ్ళకే ఆవలివారి ఉత్తరాలతో ఆయన తిరిగివచ్చాడు. స్కీలను ఆ ప్రాంతంలో నార్వే స్నోషూలు అని పిలిచేవారు. అందువల్ల ఆయనకు స్నోషూ థామ్సన్ అన్న పేరు స్థిరపడింది.

ప్లాసర్‌విల్‌నుంచి కార్సన్ లోయలోని జెనోవా గ్రామానికి 90 మైళ్ళు. వెళ్ళడానికి మూడు రోజులు, తిరిగిరావడానికి రెండు రోజులు పట్టేది. సంచి 60 పౌనులనుంచి 100 పౌనులదాకా తూగేది. ఆ బరువు చాలునని ఆయన కంబళి కూడా తీసుకువెళ్ళేవాడు కాడు. కొద్దిగా ఎండుమాంసం, గట్టి బిస్కట్లు, దాహానికి మంచు, ఇవే దారిబత్తెం. చేతిలో ఒకే ఒక పొడవైన గడ. దిగుడు వచ్చినప్పుడు, మోకుమీద నడిచే గారడీవాడు గడ పట్టినట్లు, దానిని రెండు చేతులా అడ్డంగా పట్టి వాలు వెంట దూసుకుపోయేవాడు. దిక్సూచి లేదు. పగలు కొండకొమ్ములనూ, వాగులనూ, చెట్లనూ, రాత్రి నక్షత్రాలనూ చూసి దారి పోల్చుకునేవాడు.

రాత్రి పడితే ఎండిన మోడు నొకదానిని వెదకి నిప్పంటించి, మంచుమీద పచ్చికొమ్మలు పరచుకొని, కాళ్ళు మంటవైపు పెట్టి నిద్రించేవాడు. తుపాను చుట్టుముట్టి అడుగు తీయడానికి వీలులేనప్పుడు ఏదైనా బండరాతిమీద నిలిచి, ఒళ్ళు గడ్డకట్టకుండా తన దేశపు నాట్యం ఆడుతూ రాత్రి గడిపేవాడని చెబుతారు. అమ్మ ఒడిలో చూసిన నృత్యం పరాయి కొండలమీద ప్రాణం నిలిపిందన్నమాట!

సంచిలో ఉత్తరాలు మాత్రమే కాదు, మందులు, సూదులు, పుస్తకాలు, బట్టలు కూడా ఉండేవి. నెవాడా ప్రాంతపు మొదటి వార్తాపత్రిక 1858లో జెనోవాలో వెలువడినప్పుడు దానికి కావలసిన అచ్చు సామానులో కొంత ఆయన వీపుమీదనే కొండలు దాటింది. 1859లో బయటపడిన కామ్‌స్టాక్ వెండిగని రాతిముక్కలను పరీక్షకు శాక్రమెంటో చేర్చినది కూడా ఆయనే అంటారు.

అన్నిటికంటె చెప్పుకోదగినది 1856 డిసెంబరులో జరిగిన సంగతి. తాహో సరస్సుకు దక్షిణాన ఉన్న లోయలో, ఒంటరిగా ఉన్న ఒక గుడిసెలో, జేమ్స్ సిస్సన్ అనే మనిషి పాదాలు మంచుకు చచ్చుబడి పడి ఉండగా థామ్సన్ చూశాడు. వెంటనే జెనోవాకు పోయి మనుషులను కూడగట్టి, మంచుబండిమీద అతనిని ఊరికి చేర్చాడు. పాదాలు తీసివేస్తేగాని ప్రాణం దక్కదని వైద్యుడు తేల్చాడు. మత్తు ఇవ్వడానికి క్లోరోఫారం లేదు. అలసట తీరకుండానే థామ్సన్ మళ్ళీ స్కీలు కట్టుకున్నాడు. కొండలు దాటి కాలిఫోర్నియాకు పోయి మందు తెచ్చాడు. సిస్సన్ బ్రతికాడు.

ఆయన ఈ విద్యను తనవద్దనే దాచుకోలేదు. అడిగినవారికి స్కీలు ఎలా చెయ్యాలో, వాటిమీద ఎలా నడవాలో నేర్పాడు. కొండలకు తూర్పున డైమండ్ లోయలో భూమి సంపాదించి సేద్యం చేశాడు. 1866లో ఆగ్నెస్ సింగిల్‌టన్ అనే ఇంగ్లండు వనితను వివాహమాడాడు. మరుసటి ఏడు కుమారుడు ఆర్థర్ జన్మించాడు. ఆల్పైన్ కౌంటీ పరిపాలక మండలిలో సభ్యుడుగా కూడా పనిచేశాడు. 1869లో రైలుమార్గం కొండలు దాటింది. కాని రైలు చేరని పల్లెలు ఇంకా ఉన్నాయి. థామ్సన్ నడక ఆగలేదు. మొత్తం 20 శీతకాలాలు ఆయన ఈ పని చేశాడని లెక్క.

ఇంత చేసినవానికి దక్కినదేమిటి? చేసిన సేవకు ప్రతిఫలంగా 6,000 డాలర్లు ఇప్పించవలసిందని ప్రభుత్వానికి అర్జీలు వెళ్ళాయి. నెవాడా శాసనసభ బలపరిచింది. ఆయన స్వయంగా వాషింగ్టన్ దాకా పోయి విన్నవించుకున్నాడు. మంచి మాటలు విని వచ్చాడేగాని ఆ పైకం మాత్రం చేతికి రాలేదు. అయినా ఉత్తరాలు మోయడం మానలేదు. పైకం ఇయ్యవలసినవారు వేరు, ఉత్తరం కోసం గుమ్మంలో నిలిచినవారు వేరు అని ఆయనకు తెలుసు. ఇది ఆయన గొప్పతనం. ఇది ఆ ప్రభుత్వానికి మచ్చ కూడా. ఒకటి చెప్పి రెండవది దాచడం న్యాయం కాదని మా తలంపు.

1876 మే 15వ తేదీన, 49వ ఏట, కొద్దిరోజుల జబ్బుతో ఆయన కన్నుమూశాడు. విత్తుల అదనులో జబ్బు పట్టుకొన్నదని, నడవలేక గుర్రంమీద కూర్చుండి విత్తనాలు చల్లాడని చెబుతారు. కొద్ది ఏళ్ళలోనే కొడుకు కూడా పోయాడు. తండ్రీ కొడుకులను జెనోవాలోనే సమాధి చేశారు. థామ్సన్ సమాధిరాతిమీద భార్య ఒక జత స్కీలను చెక్కించింది. ఆ ఊరిలో ఈనాడు ఆయన విగ్రహం కూడా ఉన్నది.

పదేళ్ళ పిల్లవాడు ఓడ ఎక్కేటప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి ఏపాటిది? పొలం రాలేదు, ఇల్లు రాలేదు, చివరకు పేరు కూడా నిలవలేదు. కాళ్ళకు తెలిసిన ఒక విద్య మాత్రం వచ్చింది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళు అది ఎందుకూ కొరగానట్లే పడి ఉన్నది. అవసరం వచ్చిన రోజున క్రొత్త నేలకు అదే దారి అయినది. పైగా ఆయన దానిని తనవాళ్ళ కోసమని కట్టిపెట్టలేదు. ఉత్తరం ఎవరిదైనా మోశాడు, ప్రాణం ఎవరిదైనా కాపాడాడు.

మన ఇళ్ళలో కన్నడం, తమిళం, మరాఠీ, ఒరియా మాటలమధ్య పెరుగుతున్న పిల్లలకు తెలుగు ఎందుకు పనికివస్తుందని అడిగేవారు ఉంటారు. ఎప్పుడు, ఎవరికి, ఏ విధంగా పనికివస్తుందో మనం చెప్పలేము. టెలిమార్క్ తల్లి కూడా చెప్పలేకపోయేది. ఆమె చేయగలిగినది పదేళ్ళలోపు నేర్పడమే. మనమూ ఆ పాటి చేద్దాము. అక్షరం, పాట, పద్యం, చేతిపని, ఏది తెలిస్తే అది పిల్లలకు అందిద్దాము. మనకు నీడనిచ్చిన ఈ సీమలవారికి కూడా దానిని పంచిపెడదాము.