ఐ.ఆర్.-8ను ఏరి పెట్టిన హెన్రీ బీచెల్

ఐ.ఆర్.-8 పేరు వినని పాతకాలపు వరి రైతు గోదావరి డెల్టాలో ఉండడు. వేల మొక్కల్లోంచి దాన్ని ఏరి లోకానికి అందించిన హెన్రీ బీచెల్ పేరు మాత్రం మన పల్లెల్లో కొద్దిమందికే తెలుసు.

బీచెల్ 1906లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో జన్మించారు. గోధుమ, మొక్కజొన్న పండించే రైతు కుటుంబం ఆయనది. వ్యవసాయ శాస్త్రం చదివి, 1931లో టెక్సాస్ రాష్ట్రంలోని బోమాంట్ వరి పరిశోధన కేంద్రంలో చేరారు. అంతవరకు వరితో పరిచయం లేకపోయినా అక్కడ ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి తొమ్మిది రకాలు రూపొందించారు. 1963లో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు వెళ్ళారు.

అవి ఆసియా దేశాలను ఆకలి భయపెడుతున్న రోజులు. మన దేశంలో 1965, 1966 సంవత్సరాలలో వరుసగా వర్షాలు లేక కరువు వచ్చింది. అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురు చూడవలసి వచ్చింది.

పొడుగు పైరుతో చిక్కు

ఆకు ఎండను పట్టి, నీటితో, గాలితో మొక్కకు ఆహారం తయారు చేస్తుంది. ఎండ అందని ఆకు దండగ ఆకే. పాత రకాలు నిలువెత్తు పెరిగేవి. వాటి పొడవాటి ఆకులు వంగి, కింది ఆకులకు నీడ పట్టేవి. ఎరువు వేస్తే మరింత ఎదిగి, గింజ పాలు పోసుకునే వేళకు చేను పడిపోయేది. ఒకదానిమీద ఒకటి పడిన ఆకులకు ఎండ తగలక తాలు మిగిలేది. తయారైన ఆహారంలో ఎక్కువ భాగం గడ్డికే పోయేది.

బీచెల్ రాకముందే, 1962లో, పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఇండోనేషియా పొడుగు రకం పేటాను తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌తో సంకరం చేశారు. అది ఆ సంస్థ చేసిన ఎనిమిదో సంకరం. రెండో తరంలో దాదాపు నాలుగోవంతు మొక్కలు పొట్టివి వచ్చాయి. తరువాతి తరాలను బీచెల్ పరిశీలించి, 288వ వరుసలోని మూడో మొక్కను ఎంచుకున్నారు. అదే ఐ.ఆర్.-8. సంస్థ దానిని 1966 నవంబరులో విడుదల చేసింది.

ఎండ అదే, గింజ ఎక్కువ

కొత్త రకం ఎత్తు మీటరు మాత్రమే. కాండం గట్టిది, ఆకులు నిటారు. ఎండ దుబ్బు లోపలికి దిగి కింది ఆకులకూ అందింది. ఒక్కొక్క ఆకుకు ఎండ పట్టే శక్తి పెద్దగా పెరగలేదు. ఎండ ఆకులన్నిటికీ పంచబడింది, ఆహారం గింజకు మళ్ళింది. నేలపైన పైరు బరువు వంద పాళ్ళనుకుంటే, పాత రకాల్లో గింజ సుమారు 30 పాళ్ళు. ఇందులో దాదాపు 50. లాస్ బానోస్ ప్రయోగాల్లో హెక్టారుకు 9 టన్నులు దాటింది. అంటే ఎకరాకు 75 కిలోల బస్తాలు 48కి పైనే.

పాత రకాలు చాలావరకు పొద్దు కురచైతేనే వెన్ను తీసేవి. దీనికి ఆ పట్టింపు లేదు. మబ్బులు లేని దాళ్వాలో, ఎండ దండిగా ఉన్నప్పుడు, బాగా పండింది. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దీన్ని పండించి పేరు పొందారు.

లోపాలూ లేకపోలేదు. బియ్యం మొద్దు, తెల్లపొట్ట. మిల్లులో నూక ఎక్కువ. చల్లారితే అన్నం గట్టిపడేది. ఎండాకు తెగులు, టుంగ్రో తెగులు సోకేవి. పశువులకు గడ్డి తగ్గింది. నీరు, ఎరువు పెట్టలేని రైతుకు పూర్తి ఫలితం దక్కలేదు. కొన్ని లోపాలను సరిదిద్దే ప్రయత్నంలోనే 1969లో ఐ.ఆర్.-20 వచ్చింది.

బీచెల్ 1972లో ఆ సంస్థ నుంచి విరమించి, పదేళ్ళు ఇండోనేషియాలో పనిచేశారు. 1996లో గురుదేవ్ ఖుష్‌తో కలిసి ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. తొంభై ఏళ్ళు దాటినా వరి పని మానలేదు. నూరేళ్ళు నిండాక 2006 డిసెంబరులో టెక్సాస్‌లో మరణించారు.

ఐ.ఆర్.-8 ఇప్పుడు మన చేలలో కనిపించదు. కాని ఆ తైవాన్ పొట్టి రకం లక్షణం పోలేదు. 1986లో బాపట్లలో విడుదలైన సాంబ మసూరిలోనూ అదే ఉంది. ఎరువు వేసినా చేను నిలబడి, ఎండ గింజకు చేరుతోందంటే అందులో బీచెల్ వంటి వారి ఓపిక ఉంది.