ఆక్స్‌ఫర్డ్ చదువుకెళ్ళిన ముండా బిడ్డ జైపాల్ సింగ్

బిర్సా ముండా, కొమురం భీం, గాం గంటం దొర, మల్లు దొర వంటి వీరుల కథలు మన సంచికల్లో పెద్దలు రాస్తూనే ఉన్నారు. ఈసారి మేము ఒక విద్యార్థి గురించి రాయదలచుకున్నాం. ఆయన జైపాల్ సింగ్ ముండా గారు. ఒలింపిక్ హాకీ జట్టు కెప్టెన్‌గానో, రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతుగానో ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆ రెండింటికీ ముందు పదేళ్ళు ఆయన పరాయి దేశంలో చదువుకున్నారన్న సంగతి మన పిల్లలకు అంతగా తెలియదు.

ఇప్పుడు తెలియాల్సిన అవసరం వచ్చింది. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వచ్చాక గోండు, కోయ, లంబాడా బిడ్డలు కూడా విమానాలెక్కుతున్నారు. పంపే తల్లిదండ్రులకు డబ్బు బెంగ ఒకటైతే, దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. అక్కడికెళ్ళిన పిల్లవాడు మనవాడిగానే తిరిగొస్తాడా? ఈ ప్రశ్న నూరేళ్ళ కిందట రాంచీ దగ్గరి ఒక పల్లెలో కూడా ఉండే ఉంటుంది.

ఆ పల్లె పేరు టక్రా. నేటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతం. 1903 జనవరి 3న ఆయన అక్కడ పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు ప్రమోద్ పహాన్. పహాన్ అంటే ముండాల ఊరి పూజారి. మన గూడేల్లో పూజారికి ఉండే స్థానం ఎలాంటిదో అలాంటిదే. బిర్సా ముండా రాంచీ జైల్లో కన్నుమూసి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. బిర్సా పుట్టిన ఉలిహాతు కూడా ఆ ఖూంటీ ప్రాంతంలోదే. పశువులు కాసుకునే వయసులో ఈ బాలుడు రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ బడిలో చేరాడు. జైపాల్ సింగ్ అన్న పేరు బడితో వచ్చిందే. చదువులోనూ ఆటలోనూ చురుకుగా ఉండడం చూసి, ఆ బడి ప్రధానాచార్యుడు కానన్ కాస్‌గ్రేవ్ 1918లో అతన్ని తన వెంట ఇంగ్లండుకు తీసుకెళ్ళాడు. అప్పటికి పదిహేనేళ్ళు. వారాల తరబడి ఓడ ప్రయాణం. ఇంటికి ఉత్తరం రాస్తే జవాబు రావడానికి నెలలు పట్టే కాలం. ఈ రోజు వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూస్తూ బెంగపడే పిల్లలు ఈ ఒక్కటి ఊహించుకుంటే చాలు.

మొదట కాంటర్‌బరీలోని సెయింట్ అగస్టీన్స్ కాలేజీ. అది మిషనరీలను తయారుచేసే చోటు. పంపినవాళ్ళ ఆలోచన ఏమిటో దీన్నిబట్టే తెలుస్తుంది. పిల్లవాడు చదువుకొని పాదిరీ అయి చోటా నాగపూర్‌కు తిరిగి రావాలి. ఆయన పాదిరీ కాలేదు. 1922లో ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి అర్థశాస్త్రం వైపు వెళ్ళారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన వైపు చూద్దాం. అదే 1922 ఆగస్టులో మన్యంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గంటం దొర, మల్లు దొర దాడులు చేసి తుపాకులు పట్టుకెళ్ళారు. ఒకే ప్రభుత్వం కింద ఒక ఆదివాసీ యువకుడు నల్ల గౌను తొడుక్కొని పుస్తకం తెరుస్తున్న ఏడాదే, ఇంకొందరు ఆదివాసీ యువకులు కొండల్లో ప్రాణాలు పణంగా పెట్టారు. ఎవరి దారి గొప్పదని మేము తూకం వేయడం లేదు. ఈ రెండు దారులూ చివరికి ఒక చోట కలిశాయి, అది తర్వాత చెబుతాం.

ఆక్స్‌ఫర్డ్ చదువు మన కాలేజీల చదువులా ఉండదు. ఏడాదికి మూడు టర్ములు, ఒక్కొక్కటి ఎనిమిది వారాలు. తరగతిలో కూర్చొని నోట్సు రాసుకోవడం కన్నా, తానే ఒక వ్యాసం రాసి గురువు గదికి వెళ్ళి చదివి వినిపించడం ముఖ్యం. గురువు ప్రతి వాక్యాన్నీ పట్టుకొని ఎందుకు, ఎలా అని అడుగుతాడు. జవాబు చెప్పలేకపోతే దాక్కోవడానికి వెనక బెంచీ అంటూ ఉండదు. ఆ రోజుల్లో రాత్రి భోజనం కాలేజీ హాలులో, గౌనులు తొడుక్కొని, పొడవాటి బల్లల దగ్గర అందరూ కలిసి. రాత్రి ఫలానా వేళకు గేట్లు మూసేసేవారు. చలికాలంలో మధ్యాహ్నం నాలుగయ్యేసరికి వెలుగు పోతుంది. ఎండకు, అడవి గాలికి అలవాటైన ఒంటికి అది చిన్న కష్టం కాదు.

మధ్యాహ్నాలు ఆటలవి. జైపాల్ గారికి దారి దొరికింది అక్కడే. చోటా నాగపూర్ పల్లెల్లో పిల్లలు వెదురు కర్రలు విరుచుకొని హాకీ ఆడతారు, అది వాళ్ళకు నేర్పాల్సిన ఆట కాదు. ఆయన ఫుల్‌బ్యాక్‌గా నిలబడితే బంతి దాటిపోవడం కష్టమని పేరొచ్చింది. కాలేజీ జట్టు నుంచి విశ్వవిద్యాలయం జట్టుకు వెళ్ళి, హాకీలో ఆక్స్‌ఫర్డ్ బ్లూ అందుకున్నారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయ విద్యార్థి ఆయనే అని చెబుతారు. సెలవు రోజు వచ్చిందంటే ఊరూరా తిరిగి ఆడడమే ఆయన షికారు. రైలెక్కితే లండన్ గంటన్నర దూరం లోపే. మ్యాచ్, ఆ తర్వాత ఎదుటి జట్టుతో కలిసి టీ, మళ్ళీ రైలు. ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళు, భాష, పరాచికాలు, గర్వం అన్నీ ఆయన దగ్గరగా చూసింది పుస్తకాల్లో కన్నా ఈ ప్రయాణాల్లోనే ఎక్కువని మా అభిప్రాయం. పత్రికలకు హాకీ గురించి వ్యాసాలు రాయడం కూడా అక్కడే మొదలైంది.

ఆదివారం సాయంత్రం వేరే లోకం. ఆక్స్‌ఫర్డ్ భారతీయ విద్యార్థులకు 1896 నుంచీ మజ్లిస్ అనే చర్చా సంఘం ఉండేది. టర్ము నడిచే రోజుల్లో ఆదివారం సాయంత్రాలు అక్కడ కూడేవారు. రాజకీయాలు, స్వరాజ్యం, సామ్రాజ్యం అన్నీ తగువులాడుకునేవారు. తర్వాత సిలోన్ ప్రధాని అయిన బండారనాయకే ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థే. మజ్లిస్‌లో ఎక్కువమంది జమీందారుల, బారిస్టర్ల, పెద్ద ఉద్యోగుల బిడ్డలు. వాళ్ళ మధ్య పూజారి ఇంటి ముండా బిడ్డ లేచి మాట్లాడి, ఆ సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యారు. సెయింట్ జాన్స్ చర్చా సంఘానికీ అధ్యక్షత వహించారు.

చదువు ముగిశాక ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. ఆ కాలంలో అంతకు మించిన ఉద్యోగం లేదు. జిల్లాను ఏలే ఉద్యోగం. శిక్షణలో ఉండగానే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్సీ వచ్చింది. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఆయన వెళ్ళిపోయారు. జట్టు బొంబాయిలో ఓడెక్కినప్పుడు సాగనంపడానికి వచ్చింది ముగ్గురే. ఆ జట్టులో ధ్యాన్‌చంద్ ఉన్నాడు. ఒలింపిక్స్‌లో భారత్ ఐదు మ్యాచ్‌లు ఆడి 29 గోల్స్ చేసింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మే 26న ఫైనల్‌లో హాలండ్‌ను 3-0తో ఓడించి తొలి బంగారు పతకం తెచ్చింది. అయితే ఆ ఫైనల్‌లో జైపాల్ గారు లేరు. జట్టు మేనేజరుతో పొసగక ముందే తప్పుకున్నారు. ఎరిక్ పిన్నిగర్ జట్టును నడిపించాడు. మన ఉపన్యాసాల్లో ఈ ముక్క దాటేస్తుంటారు. దాచాల్సిన పని లేదు.

తిరిగొచ్చాక ఇండియా ఆఫీసు శిక్షణ ఇంకో ఏడాది చేయాలంది. ఆయన ఒప్పుకోలేదు, ఐసీఎస్ వదిలేశారు. అప్పటికి పల్లె విడిచి పదేళ్ళు. చేతిలో ఉన్న పెద్ద ఉద్యోగం పోయింది.

ఆ వెంటనే ఆయన తన జనం దగ్గరికి పరుగెత్తుకొచ్చారని రాస్తే వినడానికి బాగుంటుంది గానీ అది నిజం కాదు. బర్మా షెల్ కంపెనీలో పెద్ద ఉద్యోగం, గోల్డ్ కోస్టులో, అంటే నేటి ఘనాలో, అచిమోటా కాలేజీలో అధ్యాపకత్వం, రాయపూర్ రాజకుమార్ కాలేజీ, బికనీర్ సంస్థానంలో కొలువు. ఇలా మరో పదేళ్ళు గడిచాయి. 1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడిగా నిలబడేనాటికి ఆయన వయసు 36. ఊరు విడిచి 20 ఏళ్ళు దాటింది. సూటు తొడుక్కున్న ఆ మనిషిని జనం మరాంగ్ గోమ్కే అన్నారు, అంటే పెద్ద నాయకుడని. ఆలస్యంగా వచ్చాడని తోసేయలేదు.

ఆయన తెచ్చిందేమిటో 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో బయటపడింది. దేశంలోని మహామహుల ముందు తనను తాను అడవి మనిషినని, జంగ్లీనని గర్వంగా పరిచయం చేసుకున్నారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పనక్కర లేదని, వాళ్ళే నేర్పగలరని వాదించారు. సభలో ఆడవాళ్ళు ఎక్కువమంది ఉండాలని అడిగారు. రాజ్యాంగంలో ఆదివాసీ అన్న మాటే ఉండాలని పట్టుబట్టారు, అది నెగ్గలేదు. మద్యనిషేధం మీద చర్చ వచ్చినప్పుడు, బియ్యపు సారా తమ పూజల్లో భాగమని లేచి చెప్పారు. ఇప్పసారా, జీలుగు కల్లు లేకుండా కొలుపు జరగని మన గూడేలకు ఆ మాట విలువ వేరే చెప్పాలా. ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా తడబడకుండా జవాబు చెప్పే అలవాటు ఆ ఆదివారం సాయంత్రాల్లో పదునెక్కిందని మేము నమ్ముతాం. చెప్పిన విషయం మాత్రం టక్రాదే.

ఇందాక చెప్పిన రెండు దారులు 1952లో కలిశాయి. మొదటి లోక్‌సభకు రాంచీ వైపు నుంచి జైపాల్ సింగ్ గారు, విశాఖపట్నం నుంచి గాం మల్లు దొర గారు ఎన్నికయ్యారు. ఒకరు ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు, ఇంకొకరు మన్యం తిరుగుబాటులో ఏళ్ళ తరబడి జైలు అనుభవించినవారు. ఒకే సభలో కూర్చున్నారు.

అదే ఎన్నికల్లో ఆయన జార్ఖండ్ పార్టీ బీహార్ శాసనసభలో 30కి పైగా సీట్లు గెలిచింది. 1963లో ఆ పార్టీని కాంగ్రెస్‌లో కలపడం ఆయన అనుచరుల్లో చాలామందికి నచ్చలేదు, మాకూ సరైన పనిగా తోచదు. 1970 మార్చి 20న ఢిల్లీలో కన్నుమూశారు. జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా జయంతి నాడు ఏర్పడింది. ఆయన ఆత్మకథ 'లో బీర్ సేంద్రా' చనిపోయిన దశాబ్దాల తర్వాత గానీ అచ్చు కాలేదు.

ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరుతో విదేశీ విద్యకు ఉపకార వేతనం పెట్టింది. 2021లో మొదటి విడతగా ఆరుగురు ఆదివాసీ విద్యార్థులు చదువుకోడానికి బ్రిటన్ వెళ్ళారు.