ఇబ్న్ ఖల్దూన్: మానవ ప్రవర్తనకు ఉపోద్ఘాతం రాసిన మహనీయుడు

మానవుడు సంఘజీవి అనే మాట మనమందరం పాఠశాల నాటి నుంచి వింటున్నదే. అయితే ఆ సంఘం మానవుని మనస్సుపై ఏ విధంగా పనిచేస్తుంది? ఒంటరిగా ఉన్నప్పుడు ఒక తీరున ఉండే మనిషి పదిమందిలో మరొక తీరున ఎందుకు మెలగుతాడు? ఒక జాతి తల ఎత్తుకొని నిలవడానికి, మరొక జాతి తల వంచుకొని బ్రతకడానికి కారణాలేమిటి? ఇటువంటి ప్రశ్నలను చర్చించే శాస్త్రాన్ని సాంఘిక మనోవిజ్ఞానం అంటున్నాం. ఆ పేరుతో ప్రసిద్ధి పొందిన తొలి పాఠ్యగ్రంథాలు రెండు 1908వ సంవత్సరంలో వెలువడ్డాయి. ఒకటి ఇంగ్లండులో మెక్‌డూగల్ రాసినది, రెండవది అమెరికాలో రాస్ రాసినది.

కాని అంతకు 531 సంవత్సరాల పూర్వమే, 1377లో, ఉత్తరాఫ్రికాలోని ఒక కొండకోటలో కూర్చుని ఒక పండితుడు ఈ ప్రశ్నలనే వేసుకొని సమాధానాలు రాశాడు. ఆ గ్రంథం పేరు ముఖద్దిమా. ఆ మాట వినగానే ఉర్దూ తెలిసినవారికి కోర్టు వ్యాజ్యం గుర్తుకు రావచ్చును. అరబ్బీలో దానికి ఉపోద్ఘాతం అని అర్థం. తాను రాయదలచిన ప్రపంచ చరిత్రకు ఉపోద్ఘాతంగా ఆయన దానిని ప్రారంభించాడు. చరిత్ర కంటె ఆ ఉపోద్ఘాతమే లోకప్రసిద్ధమైనది. ఆ పండితుడే అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఖల్దూన్.

ఆయన హిజ్రీ 732వ సంవత్సరం రంజాన్ మాసపు మొదటి దినాన, అనగా 1332 మే 27న, ట్యూనిస్ నగరంలో జన్మించాడు. ఆయన పూర్వికులు దక్షిణ అరేబియాలోని హజ్రమౌత్ ప్రాంతం వారమని చెప్పుకొనేవారు. తరతరాలుగా స్పెయిన్ దేశపు సెవిల్ నగరంలో ఉన్నత పదవులు అనుభవించి, 1248లో ఆ నగరం క్రైస్తవ రాజుల వశం కావడానికి కొంత ముందుగా ఆఫ్రికా తీరానికి వలస వచ్చారు. పోగొట్టుకొన్న వైభవాన్ని గురించిన కథలు ఆ ఇంట నిత్యం వినవచ్చేవి. బాలుడు ఖురాన్ కంఠస్థం చేసి, హదీసు, ధర్మశాస్త్రం, వ్యాకరణం అభ్యసించాడు. 1347లో ఫెజ్ సుల్తాను అబుల్ హసన్ ట్యూనిస్‌ను జయించినప్పుడు ఆయన వెంట పెద్ద పండిత బృందం వచ్చింది. వారిలో అల్ ఆబిలీ అనే గురువు ఈ యువకునికి గణితం, తర్కం, తత్త్వశాస్త్రం బోధించాడు. విన్నదానిని నమ్మక ముందు తూచి చూడాలనే అలవాటు ఇబ్న్ ఖల్దూన్‌కు అబ్బింది ఆ విద్య వల్లనే అనవచ్చును.

ఇంతలో మహోపద్రవం వచ్చిపడింది. 1348, 1349 సంవత్సరాలలో ప్లేగు వ్యాధి తూర్పు దేశాలను, ఐరోపాను, ఉత్తరాఫ్రికాను తుడిచిపెట్టింది. పదిహేడేండ్ల వయస్సులో ఆయన తల్లిని, తండ్రిని, గురువులలో అనేకులను కోల్పోయాడు. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి, దారులు చెరిగిపోయాయి, రాజ్యాలు బలహీనపడ్డాయి. లోకమంతా మారిపోయినప్పుడు ఆ మార్పును నమోదు చేసేవాడొకడు కావాలని ఆయన తర్వాతి కాలంలో రాశాడు. కళ్లెదుట ఒక సమాజం కూలిపోవడాన్ని చూసినవాడికే సమాజం దేని మీద నిలిచి ఉంటుందనే ప్రశ్న తట్టుతుంది కాబోలు.

ఇరవై ఏండ్ల ప్రాయంలో ఆయన ట్యూనిస్ ప్రభువు కొలువులో చిన్న ఉద్యోగంలో చేరాడు. రాజశాసనాలపై అందమైన లిపిలో భగవత్ స్తుతి రాయడం ఆయన పని. అక్కడి నుంచి ఫెజ్ నగరానికి పోయి సుల్తాను అబూ ఇనాన్ ఆస్థానంలో ప్రవేశించాడు. కుట్రలో పాలుపంచుకొన్నాడనే అభియోగంపై 1357లో చెరసాల పాలయి, దాదాపు 21 నెలల తర్వాత, సుల్తాను మరణించిన పిమ్మట విడుదల అయ్యాడు.

ఫెజ్ నగరపు ఒక సంఘటన మనకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. హిందూదేశంలో అనేక సంవత్సరాలు గడిపి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఆ రోజులలో అక్కడికి చేరి, ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ వైభవాన్ని వర్ణించసాగాడు. యువరాజుగా ఉన్నప్పుడు 1323లో మన ఓరుగల్లును జయించినది ఆ తుగ్లకే. యాత్ర నుంచి మరలి వచ్చినప్పుడు ఏనుగులపై అమర్చిన యంత్రాలతో ప్రజల మీదికి ధనపు సంచులు విసిరిస్తాడని యాత్రికుడు చెప్పగా, సభలోని వారు అతడు అబద్ధాలాడుతున్నాడని గుసగుసలాడుకొన్నారు. ఇబ్న్ ఖల్దూన్ కూడా తన అపనమ్మకాన్ని ఒక మంత్రితో చెప్పాడు. అప్పుడా మంత్రి ఒక కథ వినిపించాడు. పూర్వం ఒక మంత్రిని చెరసాలలో వేయగా అతని కుమారుడు అక్కడనే పెరిగాడు. తాను తినే మాంసం ఏ జంతువుదని బాలుడు అడిగితే తండ్రి గొర్రెను వర్ణించి చెప్పాడు. బాలుడు అది ఎలుక వంటిదేనా అని అడిగాడు. చెరసాలలో ఆ పిల్లవాడు చూసిన జంతువు ఎలుక ఒక్కటే మరి. తాను చూడనంత మాత్రాన దేనినీ తోసిపుచ్చరాదనే నీతిని ఇబ్న్ ఖల్దూన్ తన గ్రంథంలో చేర్చుకొన్నాడు. అదే గ్రంథంలో, మూసా ప్రవక్త సైన్యం ఆరు లక్షలకు పైబడినదని రాసిన పూర్వచరిత్రకారుని లెక్కను అంత సైన్యాన్ని ఏ మైదానంలో నిలపగలరని ప్రశ్నించి తిరస్కరించాడు. నమ్మడానికైనా, నమ్మకపోవడానికైనా కారణం కావాలి.

1362లో ఆయన గ్రనడా చేరి, అక్కడి మహాకవి, మంత్రి అయిన ఇబ్నుల్ ఖతీబ్ మైత్రిని పొందాడు. రెండేండ్ల తర్వాత రాయబారిగా సెవిల్ నగరానికి పోయినప్పుడు కాస్టీల్ రాజు పెడ్రో ఆయనను తన కొలువులో ఉండమని, ఉంటే పూర్వికుల ఆస్తిని తిరిగి ఇస్తానని ఆశ చూపాడు. ఆయన మర్యాదగా నిరాకరించాడు. 1365లో బిజాయా రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. మరుసటి సంవత్సరమే ఆ ప్రభువు యుద్ధంలో చనిపోగా, నగరాన్ని విజేతకు అప్పగించి బయటపడ్డాడు. ఆ పిమ్మట ఎడారి తెగలను ఒక్కొక్క సుల్తాను పక్షాన కూడగట్టే పనిలో సంవత్సరాలు గడిచాయి. 1374లో మిత్రుడు ఇబ్నుల్ ఖతీబ్‌ను ఫెజ్ చెరసాలలో గొంతు నులిమి చంపారు. విసిగిపోయిన ఇబ్న్ ఖల్దూన్ ఔలాద్ ఆరిఫ్ తెగవారి ఆశ్రయంలో, నేటి అల్జీరియాలోని ఇబ్న్ సలామా కోటలో కుటుంబంతో నాలుగేండ్లు తలదాచుకొన్నాడు. ముఖద్దిమా తొలి ప్రతి అక్కడ ఐదు మాసాలలో పూర్తయింది.

ఆ గ్రంథంలోని ఆలోచన సామాన్యమైన విషయంతో మొదలవుతుంది. ఒక్క దినానికి సరిపడే రొట్టె కూడా ఒక్క మనిషి తనంతట తాను సంపాదించుకోలేడు. గోధుమ పండించేవాడు, పిండి విసరేవాడు, రొట్టె కాల్చేవాడు, వారి పనిముట్లు చేసే కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, ఇంతమంది చేతులు కలిస్తేనే ఆ రొట్టె తయారవుతుంది. కనుక సహకారం మనిషికి జీవనాధారం.

రెండవ విషయం మరింత లోతైనది. మనిషి తన పుట్టుక కంటె తన అలవాట్లకు బిడ్డ అని ఆయన సిద్ధాంతం. ఎడారివాసికి ధైర్యం, నగరవాసికి భీరుత్వం రక్తంలో రాలేదు. ఒకడు తన రక్షణ తానే చూసుకోవలసిన స్థితిలో పెరిగాడు, మరొకడు ఆ భారాన్ని గోడలకు, భటులకు అప్పగించి పెరిగాడు. స్థితి మారితే స్వభావం కూడా మారుతుంది.

మూడవది ఆయన పేరుతో ముడిపడిపోయిన అసబియ్య అనే భావం. మన ఉర్దూ వాడుకలో అసబియత్ అంటే దురభిమానం, పక్షపాతం. ఆయన ఆ మాటను ఒక గుంపులోని వారిని కష్టకాలంలో ఒకరికొకరు అడ్డుగా నిలిపే సమష్టి బంధం అనే అర్థంలో వాడాడు. ఆ బంధం రక్తసంబంధంతో మొదలైనా అక్కడనే ఆగిపోదు. వంశం అనేది ఊహ మాత్రమేనని, అది కలిగించే ఆప్యాయతలోనే దాని ప్రయోజనం ఉన్నదని, కలిసి బ్రతికి కలిసి కష్టపడినవారి మధ్య కూడా అదే బంధం ఏర్పడగలదని ఆయన వివరించాడు. బంధం గల తెగ రాజ్యం స్థాపిస్తుంది. తర్వాతి తరం ఆ కష్టాన్ని విని ఎరుగుతుంది. మూడవ తరం దానిని మరచి సుఖంలో మునుగుతుంది. అందుచేత రాజ్యానికి సుమారు 120 ఏండ్ల ఆయుష్షు అని ఆయన లెక్కకట్టాడు. ఒక వంశపు ప్రతిష్ఠ నాలుగు తరాలకు మించి నిలవదని కూడా రాశాడు. సెవిల్ వైభవ కథలు వింటూ పెరిగినవాడు ఈ మాట రాయడానికి ఎంత నిజాయితీ కావాలో మనం ఊహించుకోవచ్చును.

ఓడినవారు గెలిచినవారి వేషభాషలను, వాహనాలను, ఆచారాలను అనుకరిస్తారని గమనించినదీ ఆయనే. గెలుపుకు కారణం వారి సమష్టి బంధమని గ్రహించక, వారి దుస్తులలోనో అలవాట్లలోనో ఉన్నదని ఓడినవారు భ్రమపడతారట. పిల్లవాడు తండ్రిని అనుకరించడానికి కూడా కారణం తండ్రిలో పరిపూర్ణత ఉన్నదనే నమ్మకమే.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నావంటివారిని ఆపి ఆలోచింపజేసే అధ్యాయం మరొకటి ఉన్నది. విద్యార్థులపై కాఠిన్యం చూపితే వారి ఉత్సాహం చచ్చిపోతుందని, శిక్షకు భయపడి అబద్ధం, మోసం, సోమరితనం నేర్చుకొంటారని, క్రమంగా అవే వారి స్వభావమవుతాయని ఆయన హెచ్చరించాడు. పిల్లవానిని మూడు దెబ్బలకు మించి కొట్టరాదన్న ఒక ధర్మశాస్త్రవేత్త అభిప్రాయాన్ని ఉదాహరించాడు. ఇదే సూత్రం అణచివేతకు గురైన జాతులకూ వర్తిస్తుందన్నాడు. బెత్తం కింద పెరిగినవాని అబద్ధాన్ని చూసి వాని పుట్టుకను నిందించడం ఎంత అన్యాయం!

ఈ భావాలకు ఆధునిక పరిశోధనలో పోలికలు కనిపిస్తాయి. టర్కీలో జన్మించిన ముజఫర్ షరీఫ్ 1954లో అమెరికాలోని ఓక్లహామాలో 22 మంది బాలురను రెండు జట్లుగా విడదీసి ఒక శిబిరంలో ఉంచాడు. ఏ శత్రుత్వమూ లేని ఆ పిల్లలు పోటీలు పెట్టిన కొద్ది దినాలలోనే బద్ధవిరోధులయ్యారు. ఉపదేశాలు గాని, కలిసి భోజనం చేయడం గాని వారిని కలపలేదు. నీటి సరఫరా నిలిచిపోయి అందరూ కలిసి బాగుచేయవలసి రావడం వంటి ఉమ్మడి అవసరాలు క్రమంగా కలిపాయి. కలిసి కష్టపడితే బంధం ఏర్పడుతుందన్న పాత మాటకు ఇది కొత్త నిదర్శనం.

తిరిగి ఆయన జీవితానికి వద్దాం. గ్రంథాలయాల అవసరం కొద్దీ ట్యూనిస్‌కు మరలిన ఇబ్న్ ఖల్దూన్, అక్కడి పండితుల అసూయ భరించలేక 1382లో ఈజిప్టుకు బయలుదేరాడు. కైరోలో అల్ అజ్‌హర్‌లో బోధించాడు. 1384లో సుల్తాను బర్ఖూఖ్ ఆయనను మాలికీ ప్రధాన న్యాయమూర్తిగా నియమించాడు. సిఫారసులు వినక, దొంగసాక్షులను శిక్షించి ఎందరికో శత్రువయ్యాడు. ఆ రోజులలోనే ఆయన వద్దకు వస్తున్న కుటుంబం ఓడ మునిగి సముద్రం పాలయింది. పదవి కూడా పోయింది. 1387లో హజ్ యాత్ర చేశాడు. జీవితాంతం వరకు ఆ న్యాయపదవి ఆయనకు ఆరు పర్యాయాలు వచ్చింది, ఐదు పర్యాయాలు పోయింది.

ఢిల్లీని 1398లో కొల్లగొట్టిన తైమూరు 1401లో డమాస్కస్‌ను ముట్టడించినప్పుడు ఆయన ఆ నగరంలో చిక్కుకొన్నాడు. దాదాపు డెబ్బై ఏండ్ల వయస్సులో తాళ్ల సాయంతో కోటగోడ దిగి విజేత గుడారానికి వెళ్లాడు. ఖురాన్ ప్రతిని, నమాజు తివాచీని, ఈజిప్టు మిఠాయిలను కానుకగా ఇచ్చాడు. తైమూరు కోరగా పశ్చిమదేశాల భూగోళ వర్ణన రాసి సమర్పించాడు. తనకు, తనవారిలో కొందరికి రక్షణ పొందగలిగాడు గాని డమాస్కస్ దహనాన్ని ఆపలేకపోయాడు. 1406 మార్చి 17న, ఆరవసారి న్యాయమూర్తి అయిన కొద్ది వారాలకే, కైరోలో కన్నుమూశాడు.

ఆయన దోషరహితుడు కాడు. రాజులను తరచు మార్చాడు, విజేతలను పొగిడాడు. నల్లజాతులను గురించి ఆనాటి దురభిప్రాయాలను శాస్త్రమన్నట్లు రాశాడు. స్వభావాన్ని అలవాటు మారుస్తుందన్న తన సిద్ధాంతాన్ని అక్కడ తానే మరచాడు. మహనీయుల తప్పులను కూడా వారు నేర్పిన తూకంతోనే తూయడం వారికి చేసే గౌరవం.

ఆయన గ్రంథాన్ని తురుష్కులు పద్దెనిమిదవ శతాబ్దిలో తమ భాషలోకి తెచ్చుకొన్నారు. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రెంచి అనువాదం, 1958లో రోజెంతాల్ చేసిన ఆంగ్లానువాదం వెలువడ్డాయి. అంధుడైన ఈజిప్టు విద్వాంసుడు తాహా హుసేన్ పారిస్‌లో తన డాక్టరేటు పరిశోధనకు ఇబ్న్ ఖల్దూన్ భావాలనే ఎన్నుకొన్నాడు.

విద్యార్థులారా! మనవాళ్లు ఇంతే, మన రాత ఇంతే అని నిట్టూర్చేవారు ప్రతి సమాజంలోనూ ఉంటారు. తాతల ఘనతను చెప్పుకొని తృప్తిపడేవారు కూడా ఉంటారు. ఇబ్న్ ఖల్దూన్ జీవితం ఈ ఇరువురికీ సమాధానం. ఆయనను తాతల పేరు చెరసాల నుంచి కాపాడలేదు. ప్లేగు, చెరసాల, సముద్రం ఒక్కొక్కటిగా అన్నీ తీసుకొనిపోయినా, ప్రశ్నించే అలవాటును తీసుకొనిపోలేకపోయాయి. స్వభావం అలవాటు నుంచి పుట్టినదైతే, మంచి అలవాటును నేడే ఆరంభించవచ్చును. అందుకు ఈ కళాశాల గదుల కంటె తగిన చోటు మరొకటి లేదు.