చలముగారి సౌందర్యదృష్టి

గుడిపాటి వెంకటచలముగారు 1894వ సంవత్సరమున చెన్నపురిలో జన్మించి, మాతామహులకు దత్తులై, తెనాలిలో పెరిగి చదువుకొనిరి. 1911లో కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలయందు చేరి, అచ్చటి ప్రధానాధ్యాపకులగు రఘుపతి వేంకటరత్నమునాయుడుగారి ప్రభావమున బ్రహ్మసమాజమునకు ఆకర్షితులైరి.

స్త్రీని నగలచేతను మేనిచాయచేతను వెలకట్టు కాలమది. అట్టి కాలమున, చెన్నపురిలో తాము చదువుచునే, భార్యయగు రంగనాయకమ్మగారిని కాన్వెంటులో చేర్చి, స్వయముగా సైకిలుమీద దిగవిడిచి వచ్చెడివారు. ఆలిని సొత్తుగా నెంచువానికి ఆమె యలంకారములే కనబడును. తనవలె బుద్ధియు హృదయమును గల జీవిగా నెంచువానికే ఆమె సౌందర్యము గోచరించును.

1927లో వెలువడిన వారి ‘మైదానము’ను నీతిబాహ్యమని పలువురు నిందించిరి. వారి సిద్ధాంతములన్నియు మన మంగీకరింప నక్కరలేదు. వారి చూపునందలి నిజాయితీని మాత్రము కాదనజాలము. సౌందర్యమును వెదకిన ఆ చూపే తుదకు ఈశ్వరునివైపు మరలెను. బ్రాహ్మకుటుంబమున పుట్టిన రవీంద్రుని గీతాంజలిని వారు తెనిగించిరి. 1950లో అరుణాచలము చేరి, 1979లో అచ్చటనే తనువు చాలించిరి.

తెనాలి, బాపట్ల, రేపల్లె సీమల విద్యావంతులారా! నేటికిని పెండ్లిచూపులలో కన్య రంగు నెంచుచున్నాము. ఆమె యిష్టము నడుగుచున్నామా? ఈశ్వరసృష్టియందు సౌందర్యమునకు కొఱతలేదు. దానిని కాంచుటకు శుద్ధమైన చిత్తము కావలయును. ఆ శుద్ధిని మన యిండ్లయందే యారంభింతము గాక!