వెలివేసిన ఊరిలోనే నిలిచిన ఇంటిపేరు



కుటుంబ పెన్షను కాగితాల కోసమో, ఆస్తి పంపకాల కోసమో వంశవృక్షం రాయవలసి వచ్చినప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చకచకా రాసేస్తాం. నాయనమ్మ పుట్టింటి పేరు ఏమిటంటే కలం ఆగిపోతుంది. తర్పణం విడిచేటప్పుడు తల్లి పేరు, నాయనమ్మ పేరు, ఆమె అత్తగారి పేరు కూడా చెబుతాం. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం ఆడవారి పేర్లు జారిపోతాయి. అలా జారిపోయిన ఒక నాయనమ్మ కథ ఈ ప్రత్యేక సంచికలో చెప్పదలిచాను. ఆమె మన దేశం ఎన్నడూ చూడలేదు. కాని ఆమె మనుమడు మన విశాఖపట్నం కొఠీపై అధికారం చేశాడు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పేరు మనలో చాలామంది విన్నదే. ఆ పేరు ఎలిహు యేల్ అనే ఆయనది. ఆయన 1687 నుంచి 1692 వరకు మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరు. ఆయన వంశాన్ని మగవారి వరుసలోనే వెతికితే తండ్రి డేవిడ్, తాత థామస్ మీదుగా కథ ఉత్తర వేల్సు పల్లెలకు చేరుతుంది. అక్కడ ఇయాల్ అనే సీమ ఉంది. పూసపాడు నుంచి పూసపాటి వారు వచ్చినట్లే, ఇయాల్ నుంచి యేల్ వారు వచ్చారు. కాని ఆ తాత అమెరికా వెళ్లలేదు. 1619లోనే కాలం చేశాడు. మరి ఆ ఇంటిపేరు సముద్రం ఎలా దాటింది? దాటించినది ఆయన భార్య ఆన్.

ఆన్ పుట్టింటి పేరు లాయిడ్. తండ్రి జార్జి లాయిడ్ చెస్టర్ నగరంలో బిషప్పు. ఆయన 1615లో పోయాడు. మరి నాలుగేళ్లకు భర్త కూడా పోయాడు. ముగ్గురు పిల్లలు మిగిలారు: ఆన్, డేవిడ్, థామస్. తరువాత ఆమె థియోఫిలస్ ఈటన్ అనే లండను వర్తకుణ్ణి పెళ్లాడింది. ఆయనకూ మొదటి భార్య వల్ల ఒక కూతురుంది.

ఇంగ్లండులో ప్యూరిటన్లనే మత సంస్కరణవాదులకు రాజుతో పొసగని రోజులవి. ఈటన్ తన మిత్రుడైన పాదిరీ జాన్ డేవన్‌పోర్టుతో కలిసి, కుటుంబంతో సహా 1637లో బోస్టనుకు ఓడ ఎక్కాడు. మరుసటి ఏడు వీరు క్వినిపియాక్ అనే చోట ఊరు కట్టారు. అదే న్యూ హేవెన్. ఆ నేల అక్కడి ఆదివాసులది. 1639లో ఈటన్ ఆ వలసకు గవర్నరయ్యాడు. చనిపోయేదాకా ఏటేటా ఆయన్నే ఎన్నుకున్నారు.

బయట గవర్నరు గారి భార్య. ఇంట్లో మాత్రం సుఖం లేదు. అత్తగారు, సవతి కూతురు, తన పిల్లలు, ఈటన్ పిల్లలు, నౌకర్లు, అందరూ ఒకే కప్పు కింద ఉండేవారు. ఆన్ శాంతస్వభావురాలు కాదు. భోజనాల బల్ల దగ్గర అత్తగారిని కొట్టిందనీ, సవతి కూతురిని, పనివారిని బాధించిందనీ తరువాత ఆమెపై అభియోగాలు వచ్చాయి.

అసలు గొడవ మాత్రం ఒక పుస్తకంతో మొదలైంది. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడం తగదని వాదించే పుస్తకమది. లేడీ డెబోరా మూడీ అనే ఆవిడ ఇచ్చింది. ఆన్ చదివింది, ఒప్పుకుంది. ఆ తరువాత చర్చిలో ఆరాధన మధ్యలో లేచి వెళ్లిపోవడం ప్రారంభించింది. గవర్నరు భార్యే అలా చేస్తే ఊరు ఊరుకుంటుందా? 1644లో సంఘం విచారణ పెట్టింది. ఇంటి కలహాలన్నీ అక్కడికి ఈడ్చారు. మరుసటి సంవత్సరం ఆమెను వెలివేశారు. పక్కనే భర్త ఉన్నా ఆపలేదు.

ఆమె కూతురు ఆన్ కనెక్టికట్ గవర్నరు ఎడ్వర్డ్ హాప్కిన్స్ భార్య. ఆమెకు మతి చలించింది. ఎక్కువగా చదవడం, రాయడం వల్లనే అలా అయిందని మసాచుసెట్స్ గవర్నరు జాన్ విన్‌త్రోప్ 1645లో తన దినచర్యలో రాసుకున్నాడు. ఆడది చదివితే చెడిపోతుందనే మాట మన దేశంలోనే కాదు, అక్కడా ఉండేదన్నమాట.

1658 జనవరిలో ఈటన్ మరణించాడు. ఆన్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లి 1659లో కన్నుమూసింది. చిన్న కొడుకు థామస్ న్యూ హేవెన్‌లోనే స్థిరపడ్డాడు. పెద్దవాడు డేవిడ్‌కు 1649 ఏప్రిల్ 5న బోస్టనులో పుట్టినవాడే ఎలిహు. అతడు పసివాడుగా ఉండగానే తల్లిదండ్రులు ఇంగ్లండు వెళ్లిపోయారు.

ఎలిహు ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా 1672లో మద్రాసులో దిగాడు. మెట్టుమెట్టుగా గవర్నరు దాకా ఎక్కాడు. 1680ల మొదట్లో తెరిచిన విశాఖపట్నం కొఠీ మద్రాసు ఆధీనంలోనే ఉండేది. అప్పటికి విశాఖ చికాకోలు సర్కారులోని భాగం. చికాకోలంటే మన శ్రీకాకుళమే. ఎలిహు గవర్నరుగా ఉన్న 1689లో మొగలు సేనలు ఆ కొఠీని పట్టుకుని అక్కడి ఇంగ్లీషువారిని చంపాయి. ఆయన మచ్చలేని వాడేమీ కాదు. సొంత వ్యాపారాలతో విపరీతంగా గడించాడు. అవినీతి ఆరోపణలపై 1692లో పదవి పోయింది. ఆయన కూర్చున్న కౌన్సిలు బానిసల రవాణాకు ఉత్తర్వులిచ్చిన సంగతి కూడా కోట రికార్డుల్లో ఉంది.

1718లో ఆయన న్యూ హేవెన్‌లోని ఒక చిన్న కళాశాలకు తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్తరువు పంపాడు. సరుకు అమ్మితే సుమారు 562 పౌనులు వచ్చాయి. కృతజ్ఞతగా కళాశాలకు యేల్ అని పేరు పెట్టారు. నాయనమ్మను వెలివేసిన ఊరు డెబ్బైమూడేళ్ల తరువాత ఆమె పిల్లల ఇంటిపేరును నెత్తిన పెట్టుకుంది. పుస్తకం చదివినందుకు చిక్కుల్లో పడ్డ స్త్రీ ఊరిలో ఉన్న ఆ కళాశాల, డిగ్రీ తరగతులలో ఆడపిల్లలను చేర్చుకున్నది 1969లో మాత్రమే!

ఇంతకీ ఆన్ కథ మనకెలా తెలిసింది? ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇది నచ్చే సంగతి. ఆమెను దోషిగా నిలబెట్టడానికి సంఘం వారు రాసిన మినిట్స్ పుస్తకం భద్రంగా మిగిలింది. శిక్షించడానికి రాసిన కాగితమే ఆమెను బ్రతికించింది. మన నాయనమ్మలను ఎవరూ విచారించలేదు కనుక వారి గురించి ఏ పుస్తకమూ లేదు. ఉన్నది మన జ్ఞాపకమే.

కనుక నాదొక మనవి. ఈ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి ఇంటికి వచ్చాక ఒక తెల్లకాగితం తీసుకోండి. తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ, తెలిస్తే వారి తల్లులు, ఎవరెవరు ఏ ఊరి ఆడపడుచులో, పుట్టింటి పేర్లతో సహా రాసి పిల్లల చేతికివ్వండి. మన తరం దాటితే ఆ పేర్లు చెప్పేవారుండరు.