పల్లె పంతులు కొడుకు నేర్పిన నెట్‌వర్క్ లెక్క

అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతూ డేటా సెంటర్ ఉద్యోగంపై కన్నేశారా? అయితే ఇన్ని సర్వర్లకు ఎలాంటి స్విచ్ కొంటారన్న ప్రశ్న ఇంటర్వ్యూలో ఎదురుకావచ్చు. అన్నిటికంటే వేగమైనది అంటే చాలదు, లెక్క చెప్పాలి. ఆ లెక్కకు ఆద్యుడు ఆగ్నర్ ఎర్లాంగ్.

ఆయన 1878 జనవరి 1న డెన్మార్క్‌లోని లోన్‌బోర్గ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి బడిపంతులు. స్కాలర్‌షిప్‌తో కోపెన్‌హేగన్ యూనివర్సిటీలో గణితం చదివి, 1901లో పట్టా అందుకున్నారు. కొన్నేళ్లు బడుల్లో పాఠాలు చెప్పి, 1908లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో చేరారు.

అక్కడో చిక్కు ఉంది. లైన్లు తక్కువైతే ఫోన్ కలవదు, ఎక్కువైతే డబ్బు దండగ. ఊళ్లో అందరూ ఒకేసారి మాట్లాడరు కదా, మరి ఎన్ని లైన్లు చాలు? ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్‌కు సంభావ్యతా సిద్ధాంతాన్ని అన్వయించారు. ఎన్ని లైన్లుంటే ఎంతమందికి బిజీ తగులుతుందో తేల్చే సూత్రాలను 1917లో ప్రచురించారు. అలాగని ఆయన కుర్చీకే అతుక్కుపోలేదు. మొదట్లో సహాయకులు లేక, నిచ్చెన వేసుకుని వీధి మ్యాన్‌హోళ్లలోకి తానే దిగి కేబుళ్ల దగ్గర కొలతలు తీసేవారు. 1929లో 51 ఏళ్లకే కన్నుమూశారు. 1946లో టెలిఫోన్ ట్రాఫిక్ కొలమానానికి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు సర్వర్ల ర్యాక్ చూడండి. స్విచ్‌కు 10 గిగాబిట్ల పోర్టులు 48 ఉంటే మొత్తం 480. పైకి వెళ్లే 40 గిగాబిట్ల లింకులు నాలుగుంటే 160. అంటే నిష్పత్తి 3:1. దీన్నే ఓవర్‌సబ్‌స్క్రిప్షన్ అంటారు. మామూలు వెబ్ సర్వర్లకు ఇది సరిపోవచ్చు. ఏఐ శిక్షణలో మాత్రం సర్వర్లన్నీ ఒక్కసారే డేటా పంపుతాయి కాబట్టి 1:1కు దగ్గరగా ఉండాలి. డేటా ఫోన్ కాల్‌లా నిలకడగా రాదు, ఒక్క ఉదుటున వచ్చిపడుతుంది. అందుకే ఎర్లాంగ్ సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడలేం. ఆయన వేసుకున్న ప్రశ్న మాత్రం మారలేదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం వాళ్లకు ఇది కొత్తేం కాదు. ఆయకట్టు ఎంతో, ఏ పైరుకు తడి ఎప్పుడు కావాలో చూశాకే చెరువు తూము ఎత్తుతారు. స్విచ్ ఎంపికా అంతే.

కాలేజీ ల్యాబ్‌లో రెండు స్విచ్‌లను ఒకే కేబుల్‌తో కలపండి. వాటి మధ్య ఐపర్ఫ్‌తో ముందు ఒక జత కంప్యూటర్ల వేగం, తర్వాత నాలుగు జతలది ఒకేసారి కొలవండి. వేగం ఎక్కడ పడిపోయిందో రాసుకోండి. సొంతంగా కొలిచిన అంకె చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో తడబడాల్సిన పనిలేదు.